నా ఇంటర్వ్యూలో మావారు

ఆ రోజుల్లో నేను ఇంగ్లీషులో నోరు విప్పకపోవడానికి కారణం నాకు రాక కాదు, మావారికి వచ్చు కనుక. ఐర్లండులో, డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్‌లో కాపురం పెట్టిన కొత్తలో డాక్టరు అపాయింట్‌మెంటు దగ్గర్నుంచి ఇంటి ఓనరుతో బాయిలర్ గొడవ దాకా మాట్లాడే పనులన్నీ ఆయనవి, మాటలక్కర్లేని పనులన్నీ నావి. (నా గొంతునొప్పి గురించి జీపీకి కూడా ఆయనే వివరించారు. పాపం, ఆ డాక్టరు ఆయన నోరే తెరిపించబోయాడు.) బీకాం పరీక్షలు ఇంగ్లీషులోనే రాసి పాసయ్యాను. రాయడం వేరు, నోరు విప్పడం వేరు. ఏడాది తిరిగేసరికి, పగలంతా ఇంట్లో నా గొంతు నాకే వినబడక పిచ్చెక్కినట్టుండేది.

అలాంటప్పుడు పక్కనే లూకన్‌లో ఒక పిల్లల క్రెష్‌లో వంటమనిషి కావాలని పక్కింటి ఆంటీ చెప్పింది. ఎలాగైనా ఆ ఉద్యోగం నాకు కావాలి. తీరా ఇంటర్వ్యూ రోజొచ్చేసరికి ఒక్కదాన్నే వెళ్లి ఇంగ్లీషులో మాట్లాడాలంటే భయం వేసింది. మావారు సగం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందు తయారయ్యారు. "నువ్వు నవ్వుతూ కూర్చో చాలు, మిగతాది నేను చూసుకుంటాగా" అన్నారు. పెళ్లిచూపులప్పుడు అమ్మ కూడా ఇదే చెప్పింది కనుక ఆ విద్యలో నాకు అనుభవం ఉంది.

మేనేజరు నెరిసిన జుట్టు పెద్దావిడ. ఏది అడిగినా నన్నే చూసి అడిగేది, జవాబు ఆయన చెప్పేవారు, నేను తలూపేదాన్ని. వంటగది శుభ్రత గురించి, పిల్లలకు పడని పదార్థాల గురించి మావారు ఎంత చక్కగా చెప్పారంటే, ఉద్యోగం ఆయనకే ఇచ్చేస్తారేమోనని భయం వేసింది. అప్పుడావిడ, ఇరవై మంది చిన్నపిల్లలకు అన్నం ఎలా వండుతారని అడిగింది. పెళ్లయ్యాక ఒక్కసారైనా స్టవ్ వెలిగించని మనిషి, క్షణం తడుముకోకుండా, ఇరవై గ్లాసుల బియ్యం, ఇరవై గ్లాసుల నీళ్లు అన్నారు.

ఒక పెళ్లికి సరిపడా పలుకు అన్నం నా కళ్ల ముందు కనబడింది. భయం, సిగ్గు ఎక్కడికి పోయాయో, "నో. రాంగ్. హీ నో కుక్. ఐ కుక్" అన్నాను. (బీకాం చదివిన పిల్ల ఇంగ్లీషు అది.) ఇక ఆగలేదు. నాలుగు గ్లాసుల బియ్యం చాలని, పసిపిల్లలు కనుక నీళ్లు మూడింతలు పోసి మెత్తగా వండాలని, సగం మాటలతో, సగం చేతులతో చెప్పుకుపోయాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి వింది. మావారిని బయట కూర్చోమని మర్యాదగా చెప్పి, నన్ను వంటగదిలోకి తీసుకెళ్లింది. అరగంటయ్యాక, "గ్రాండ్, సోమవారం నుంచి వచ్చెయ్" అంది.

తిరుగుదారిలో బస్సులో ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. పదిమందిలో మొగుణ్ణి చిన్నబుచ్చానని నాకు ఏడుపొచ్చింది. (గదిలో ఉన్నది ముగ్గురమే.) ఇల్లు చేరాక బూట్లు విప్పుతూ, "సోమవారం నుంచి రాత్రికి అన్నం నేనే పెట్టాలి కాబోలు. మనిద్దరికీ ఎన్ని గ్లాసులే?" అని అడిగారు. పెళ్లయినప్పటినుంచి ఆయన నాకు అంత ముద్దొచ్చింది అప్పుడే.

ఇప్పుడు బాయిలర్ మొరాయిస్తే ఓనరుకి ఫోన్ చేసేది నేను, కుక్కర్ పెట్టేది ఆయన. మొన్న నేను ఫోన్లో ఓనరుని దులిపేస్తుంటే, ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి ఐరిష్ యాసలో, "మమ్మీ, యూ టాక్ టూ మచ్" అని విసుక్కుంది. నవ్వొచ్చింది, ఎందుకో కళ్లూ చెమర్చాయి. ఆ మాట, ఆనాడు మావారి పక్కన నవ్వుతూ కూర్చున్న పిల్ల చెవిన పడి ఉంటే ఎంత మురిసిపోయేదో.