తెరేసమ్మ గరిక

పటమటలో తెరేసమ్మ రోజు గరికను తిట్టడంతో మొదలవుతుంది. రేడియోలో వార్తలు వచ్చేసరికి కుచ్చిళ్ళు ఎగదోపి, మల్లెపాదు దగ్గర గొంతుక్కూర్చుని, చిన్న గునపంతో తవ్వుతూ తీగలు లాగుతుంటుంది. తెగిన ముక్క మట్టిలో ఉండిపోతే, "చచ్చావనుకుంటే మళ్ళీ లేస్తావేమే" అంటూ గోటితో గీకి తీస్తుంది. ఆ గోళ్ళలోని నల్లమట్టి ఆదివారం ప్రార్థనకి గుడికెళ్ళినా వదలదు. వినాయకచవితి ముందురోజు పక్కింటి రామతులసి పళ్ళెంతో వచ్చి, "పూజకి కాస్త గరిక కోసుకుంటానండీ" అంది. "కొయ్యడమేంటండీ, వేళ్ళతో సహా పట్టుకుపోండి" అని తెరేసమ్మ తనే బుట్టెడు తవ్వి ఇచ్చింది. ఆ రోజొక్కటే ఆమె మొహాన నవ్వు కనిపించింది.

వానలు పడ్డాక చూస్తే, శుభ్రం చేసిన మల్లెపాదు నిండా గరిక ఒత్తుగా లేచి ఉంది. తెరేసమ్మ గోడ దగ్గర నిలబడి, ఎవరు చేశారీ పని అని అరిచింది. రామతులసి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పూజ చేసిన పత్రి తొక్కకూడదు కదండీ. మా ఇంట్లో అంతా సిమెంటు గచ్చే. మీరు గుడికెళ్ళినప్పుడు మీ మల్లెపాదులో వేసి, మట్టి కూడా కప్పాను." తెరేసమ్మ చేతిలో గునపం బిగుసుకుంది. "వచ్చే చవితికి నేనే కత్తెరతో కత్తిరించి ఇస్తాలెండి" అంది పళ్ళు నూరుతూ.