సాయవ్వ కార్డులో నేను రాసిన మాట

ఎడపల్లి సాయవ్వ చెరకు నరికే కూలీ. పెళ్లయిన నాలుగేళ్లకే మొగుడు పోయాడు. పిల్లల్లేరు. అన్న లింబయ్య ఇంటిని ఆనుకుని ఒక గది వేసుకుని ఉండేది. పండరిపురం విఠోబా దర్శనానికి పోయొచ్చి మెడలో తులసి మాల వేసుకుంది. మాల వేసుకున్నవాళ్లు కల్లు, మాంసం ముట్టరు. కోత రోజుల్లో పొద్దు వాలాక కూలీలంతా ఈతకల్లు చుట్టూ చేరితే, ఆమె ఒక్కతే ఒడ్డు మీద కూర్చుని జొన్నరొట్టె తినేది.

"ముంత అటు జరుపుండ్రి. సాయవ్వకు వాసనొస్తె ఇఠోబ కోపానికొస్తడు," అని తోటి కూలి భీమవ్వ ఎగతాళి చేసేది.

"ఆయన కోపానికి రాడు గని, మీ పక్కన కూసుంటె నేను పాట మర్శిపోత," అనేది సాయవ్వ.

నిజానికి ఆమె మర్చిపోయే మనిషి కాదు. ఏకాదశి భజనలో లింబయ్య వీణ పట్టుకుని ముందు నిలబడేవాడు. వెనక నుంచి చెల్లెలి గొంతు అందరి గొంతుల్నీ దాటి పోయేది. ఆమెకు ఊళ్లో ఉన్న మర్యాదంతా ఆ మాల, ఆ పాట.

1967లో హైదరాబాదు నుంచి ఒక డాక్టరు పరిశోధన కోసం బోధన్ వచ్చాడు. అద్దె ఇంట్లో ఆరు మంచాలు వేశారు. చెరకు తోటల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ల పేగుల్లో ఏ ఏ పురుగులున్నాయి, ఇక్కడి వాళ్లకు కాలేయం వాచి కామెర్లు రావడం పురుగుల వల్లనా, కల్లు వల్లనా అన్నది తేల్చడం ఆయన పని. నేను గుమస్తాను. వచ్చినవాళ్లను అడిగి కార్డులో రాసేది నేను. డాక్టరు ఆ కార్డు చదివి వైద్యం చేసేవాడు.

ఆ కార్తీకంలో లింబయ్య చెల్లెల్ని తీసుకొచ్చాడు. ఆమె కళ్లు పచ్చగా ఉన్నాయి, కీళ్లు వాచాయి, జ్వరం. వరండాలో గోడకు చేరగిలబడి కూర్చుంది. గదులు ఊడ్చే బాలన్న గుమ్మంలోనే లింబయ్యను ఆపాడు.

"ఇప్పుడు కల్లు తాగెటోళ్లనే తీస్కుంటున్నరే. గాళ్లకైతె మంచం, మందు అంతా ముఫత్. తాగనోళ్లను వాపస్ పంపుతున్నరు."

అది సగమే నిజం. ఆ వారం పరిశోధన లెక్కకు తాగేవాళ్లు ఇద్దరు తక్కువపడ్డారు, అంతే. తాగనివాళ్లనూ చేర్చుకునేవాళ్లం.

నేను కార్డు తీసి పేరు, ఊరు రాసుకున్నాను. "కల్లు అలవాటుందా?" అన్నాను. ఆడమనిషిని అడిగితే వెంట వచ్చిన మగవాడు జవాబు చెప్పడం మా దిక్కు మామూలే. లింబయ్య ఒకసారి వెనక్కి చూశాడు. గొంతు తగ్గించాడు.

"తాగుతది సారు. దినాం."

ఆమె పది అడుగుల దూరంలో ఉంది. మెడలో మాల నాకు కనిపిస్తూనే ఉంది. ఆ మాల అంటే ఏమిటో నాకు తెలుసు. లేచి వెళ్లి అడగడానికి నిమిషం పట్టేది కాదు. బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. 'రోజూ' అని రాశాను.

పరీక్షలో పురుగులు కనిపించాయి. మందిస్తే పోయాయి, కళ్ల పచ్చదనం మాత్రం పోలేదు. పురుగుల వల్ల కాదంటే ఇక కార్డులో మిగిలింది కల్లే. ఇరవై రోజుల తర్వాత ఇంటికి పంపుతూ డాక్టరు ఆమెకు గట్టిగా చెప్పాడు, ఇకనైనా తాగడం మానమని. తీసుకుపోవడానికి వచ్చిన భీమవ్వ పక్కనే ఉంది.

"నేను తాగ సారు," అంది సాయవ్వ.

"అందరూ అదే అంటారమ్మా," అన్నాడు డాక్టరు.

భీమవ్వ నోట్లో మాట ఆగలేదు. తర్వాతి ఏకాదశికే భజన మండలి సాయవ్వను పిలిచి అడిగింది. ఆమె బెదరలేదట. "డాక్టరుకు నా కండ్లు సూసి అనుమానం అచ్చింది. మా అన్నకు ఎరికే, అన్నను అడుగుండ్రి," అందట. అందరూ లింబయ్య వైపు తిరిగారు. అతను వీణ తీగ సవరించుకుంటూ తల ఎత్తలేదు. మండలి పెద్ద, పటేలు బాపురావు ఆమె మెడలోంచి మాల తీశాడు.

రెండేళ్లు గడిచాయి. 1969లో ఆమె మళ్లీ వచ్చింది, పొట్ట ఉబ్బి, చేతులు పుల్లల్లా అయి. అప్పటికి డాక్టరు విదేశీ పత్రికల్లో కొత్త సంగతులు చదివి ఉన్నాడు. ఆమె రక్తం పరీక్ష చేయించి, కీళ్లు చూసి, కార్డు పట్టుకుని నేరుగా ఆమెనే అడిగాడు.

"సాయవ్వా, నిజం చెప్పు. ఎప్పుడైనా తాగావా?"

"మాల గూడ తీసిండ్రు సారు. ఇగ దాసుడెందుకు? ఎన్నడు ముట్టలే."

డాక్టరు నా వైపు తిరిగాడు. "ఇది ఎవరు చెప్పారయ్యా?"

"వాళ్ల అన్న," అన్నాను.

సాయవ్వ నన్ను చూసింది. "మా అన్ననా?" అంది.

డాక్టరు ఆమెకు అర్థమయ్యేలా చెప్పాడు. రోగాన్ని ఎదిరించడానికి ఒంట్లో ఉండే బలమే కొందరిలో దారి తప్పి, సొంత కాలేయాన్ని పరాయిదనుకుని దెబ్బతీస్తుంది. దానికి తాగుడుతో పనిలేదు, పురుగులతో పనిలేదు. మాత్రలున్నాయి. కానీ కడుపులో పురుగులుండగా వేస్తే కొన్నిసార్లు ప్రాణానికే ముప్పు. అందుకని మూడుసార్లు పరీక్ష చేశాకే మొదలుపెట్టాడు. ఆరు వారాల్లో కళ్లు తేటపడ్డాయి. రెండేళ్లలో గట్టిపడిన కాలేయం మాత్రం మళ్లీ మామూలు కాదన్నాడు. ఈ జబ్బు తాగుడు వల్ల వచ్చింది కాదని కాగితం రాసి, ఆమెతో నన్ను ఎడపల్లి పంపాడు.

లింబయ్య వాకిట్లో పగ్గం పేనుతున్నాడు. సాయవ్వ నిలబడే అడిగింది.

"అన్నా, నేను తాగుతనని చెప్పినవా?"

"నీ పానం కోసమే చెప్పిన చెల్లె. గట్ల జెప్తెనే మంచం దొరుకుతదన్నరు."

"పానం కోసం జెప్పినవ్, మంచిదే. మాల తీసిన్నాడు నోరెందుకు ఇప్పలే?"

"వీణ పట్టెటోన్ని. అబద్ధమాడిన అంటె నన్ను నిలవడనిస్తరా?"

"నన్ను నిలవడనిచ్చిండ్రా?"

అతను పగ్గం పక్కన పెట్టాడు. రేపు ఏకాదశి, పగటి భజనలో అందరి ముందర చెప్తానన్నాడు. ఆమె నమ్మింది. నేనూ నమ్మాను.

మరునాడు భజనకు నలభై మంది దాకా కూర్చున్నారు, నేనూ ఉన్నాను. లింబయ్య డాక్టరు రాసిన కాగితం పైకెత్తాడు. "దవాఖానోళ్లు తప్పు రాసిండ్రట. మా చెల్లె తాగలే."

భీమవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బాపురావు మాల తెచ్చాడు. ఆమె తల వంచితే సరిపోయేది.

"దవాఖానోళ్లు తప్పు రాయలే పటేలా," అంది సాయవ్వ. "మా అన్న జెప్పిందే రాసిండ్రు."

బాపురావు లింబయ్యను చూశాడు. లింబయ్య మెల్లగా నవ్వాడు. "కామెర్లు తలకెక్కినయ్ దానికి. ఏం మాట్లాడుతుందో దానికే తెల్వది."

అప్పుడు బాపురావు నన్ను అడిగాడు. "నువ్వే గద రాసింది గుమస్తా. ఎవరు జెప్పిండ్రు?"

లింబయ్య అని చెబితే, పక్కనే ఉన్న మనిషిని ఎందుకు అడగలేదంటారు. మాల కనబడలేదా అంటారు. "కార్డు మీద ఎవరు చెప్పిందీ రాయరు," అన్నాను. అది నిజమే. రాయరు.

సాయవ్వ ఒక్క క్షణం నా ముఖం చూసింది. తర్వాత బాపురావు చేతిని పక్కకు జరిపింది. "గిట్లయితె నాకద్దు," అని లేచి వెళ్లిపోయింది. మళ్లీ భజనకు రాలేదు. తోటలో కూడా పాడగా ఎవరూ వినలేదన్నారు.

ఆ తర్వాత ఐదేళ్లు బతికింది. నెలకొకసారి బోధన్ వచ్చి నా చేతి నుంచే మాత్రలు తీసుకునేది. ఎన్ని పూటలు, ఎప్పుడు రావాలి, అంతకుమించి మాట ఉండేది కాదు. ఒకసారి వరండాలో ఎవరూ లేరు. నేనే అన్నాను, "ఆ రోజు నేను చెప్పాల్సింది సాయవ్వా. మీ అన్నే చెప్పాడని నాకు తెలుసు."

ఆమె మాత్రలు కొంగున ముడివేసుకుంటోంది.

"ఈడ నాకు జెప్తె ఏమొస్తది సారు," అంది. "నాకు ఎరికేనాయె."

బస్సు వేళయిందని మెట్లు దిగింది.