తొడిమె గిల్లిన పండ్లు

మొన్న జగిత్యాల మార్కెట్టు నుంచి మా అల్లుడు ఒక పెట్టె మామిడిపండ్లు తెచ్చాడు. అలవాటు కొద్దీ వాటిని బకెట్టు నీళ్లలో వేసి, మునిగినవి ఒక పక్కకు, తేలినవి ఒక పక్కకు తీస్తుంటే, ఇది ఎవరు నేర్పిండ్రు తాతా అని మనవరాలు నవ్వుతూ అడిగింది. ఒక తోట కాపలాదారు నేర్పాడని మాత్రం చెప్పగలిగాను. ఆ తరువాతి సంగతి ఇన్నేళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజులు ఎరిగిన నా ఈడు వారు కనుక మీకు చెప్పుకుంటున్నాను.

నేను సిరిసిల్లలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. మాకు మామిడి అంటే తొక్కు పచ్చడికి కొట్టిన పుల్లటి కాయే. ఎప్పుడైనా ఒక పండు వస్తే అమ్మ దాన్ని ఏడుగురికి సమంగా కోసేది, టెంక చీకే భాగ్యం మాత్రం వంతుల వారీగా దక్కేది. ఒక పండు మొత్తంగా నాదే కావడం ఇరవై నాలుగో ఏట, కోరుట్లలో సర్వేయరుగా కుదురుకున్నాక జరిగింది.

అన్నదమ్ముల పంపకం కోసం కథలాపూర్ అవతల ఒక మామిడితోటను కొలవవలసి వచ్చింది. ఎండకు భూమి కొలిచే ఇనుప గొలుసు ఎంత సాగుతుందో అది కూడా లెక్కలోంచి తీసేసేటంత పట్టింపు ఉన్నవాణ్ణి నేను. తోటకు కాపలా ఉన్న తాత రెండు రోజులు నా పని ఓపికగా చూసి, మూడో రోజు మధ్యాహ్నం వరిగడ్డిలో మాగిన రసాలు ముందు పెట్టాడు. నేను ఆత్రంగా కొరికేసరికి సొన తగిలి పెదవి భగ్గుమంది. లెక్కలు నేర్చినవ్ గని తినుడు నేర్వలే కొడుకా అని ఆయన పగలబడి నవ్వాడు.

తొడిమె గిల్లి, మొదటి చుక్క సొన నేలపాలు చేసి, పండును అన్ని వైపులా మెత్తగా ఒత్తి, తోలు చిట్లకుండా రసం పైకి తేవడం ఆయన చూపించాడు. “గట్ల గుంజకు, ఆవు పొదుగనుకో” అనేవాడు. మునిగిన పండు తినాలి, తేలింది బర్రెకు వెయ్యాలి అన్నది కూడా ఆయన మాటే. దాని వెనుక ఉన్న సాంద్రత సూత్రాన్ని నేను వివరంగా చెబితే అంతా విని, గీ బకీటు కోసం గంత సదువు సదివినవా అన్నాడు. ఆ మూడు మధ్యాహ్నాలలో తిన్నంత తృప్తిగా మళ్లీ ఎన్నడూ పండు తినలేదు.

ఆరో రోజు పొద్దున, మోటారు గది వెనుక హద్దురాయి వెతుకుతుంటే ఇంకా తడి ఆరని టెంకల కుప్ప కనిపించింది. లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. పక్కన తోళ్లు, ఒక్కటీ చిట్లలేదు, అన్నింటికీ తొడిమె గిల్లి ఉంది. తాత నా వైపు చూడకుండానే, కోతులు తిన్నయి కొడుకా అన్నాడు. ఆకలి ఎవరిదో అడగనవసరం లేని కాలం అది. రాత్రిపూట అడవిలోంచి తుపాకులతో అన్నలు వచ్చి అడిగితే పెట్టక తప్పదు, పెట్టినట్టు పోలీసులకు తెలిస్తే బతుకు ఉండదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, లెక్కలో తేడా పట్టుకున్నానన్న సంబరం నా నోట ఆగలేదు.

ఆ సాయంత్రం కోరుట్ల బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో తోటి ఉద్యోగుల మధ్య కూర్చుని, మా తాత తోటల కోతులు సదువుకున్నయి, తొడిమె గిల్లి సొన పిండి మరీ తింటున్నయి అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు రుచికి ఇంకో చాయ్ కూడా తాగాను.

ఆ తరువాత మూడో రోజున పోలీసులు తాతను పట్టుకుపోయారు. ఆ హోటల్లో నా మాట ఎవరు విన్నారో, ఎవరు మోశారో నేటికీ తెలియదు. ఆయన తిరిగి వచ్చాడని విన్న వారానికి, తోట కొలతల పటం యజమానులకు ఇచ్చే నెపంతో తోటకు వెళ్లాను. గడ్డిలో చెయ్యిపెట్టి పండు తీశాడు గానీ, కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. ఎవరినీ నిందించని గొంతుతో, నన్ను ఒక్కటే అడిగిండ్రు కొడుకా, నీ తోటల కోతులు సదువుకున్నయటనా, తొడిమె గిల్లి సొన పిండి మరీ తింటున్నయటనా అని, అన్నాడు. నా వాక్యం ఒక్క అక్షరం పోకుండా నా దగ్గరికే వచ్చింది. ఆయన పండును నా చేతిలో పెట్టి, “నువ్వే ఒత్తుకో. నా చేతుల ఇగ పట్టు లేదు” అన్నాడు. నేనే అన్నానని చెప్పలేదు. పండు మాత్రం తిన్నాను. చెప్పకుండా తిన్నాను.

ఆ తోట ఇప్పుడు లేదు, తాత లేడు, చాయ్ తాగుతూ మాట జారితే ప్రాణం మీదికి వచ్చే ఆ రోజులూ పోయాయి. మనవరాలు చల్లటి ముక్కలను ముల్లుచెంచాతో గుచ్చుకుని తింటుంది. సొన పెదవికి తగిలితే ఎలా ఉంటుందో ఆమె ఎరగదు, ఎరగకపోవడమే మంచిది. గొలుసు పొడవును వెంట్రుకవాసి దాకా సరిచూసిన నేను, ఇప్పుడు మా ఇంట ఎన్ని పండ్లు తిన్నారో తెలుసుకోను. అందరూ చేతులు కడుక్కునేలోగా పళ్లెంలోని టెంకలు తీసుకుపోయి, లెక్కపెట్టకుండా పెరటి మట్టిలో కప్పేస్తాను.