చుక్క పెట్టని మాట

మా నాన్న దమ్‌దిన్ పరుపు కింద ఎప్పుడూ ఒక చెక్క ఉండేది. పుస్తకానికి అట్టగా కట్టే చెక్క. పుస్తకం మాత్రం లేదు. ఎనిమిది వందల ఏళ్ల కిందట మావాళ్లు ఉయ్ఘూర్ల దగ్గర నేర్చుకున్న నిలువు లిపిలో, భూర్జ బెరడు మీద రాసిన పుస్తకమది. మరో ప్రతి లేదు. పందొమ్మిది వందల ముప్పై ఏడులో, సర్కారు మనుషులు లామాలను పట్టుకుపోతున్న రోజుల్లో, నాన్న గురువు దాన్ని ఎక్కడో దాచి చెక్కను నాన్న చేతికిచ్చాడు. లోపలివైపు ఒకే వరుస: "ఎర్రగుట్ట రాళ్లకుప్ప. దయ్యం ఉంది." గురువు తిరిగి రాలేదు.

నాన్న బడిలో లెక్కలు చెప్పేవాడు. సెలవులొస్తే గుర్రమెక్కేవాడు. ఎర్రగుట్ట ఒక్కటి వదిలి, చుట్టుపక్కల గుట్టలన్నీ తవ్వాడు. గురువు వద్దని హెచ్చరించిన చోటు కదా! అక్కడ గుర్రాలు బెదురుతాయని ఊరు కూడా చెప్పుకునేది. "ఒక్కసారి చదివితే చాలు, తర్వాత పోయినా పర్లేదు," అనేవాడు. యాభై నాలుగేళ్లు అన్నాడు.

తొంభై ఒకటిలో, సర్కారు ఎప్పుడో మాన్పించిన ఆ పాత లిపిని మళ్లీ నేర్పడం మొదలైంది. మా అమ్మ త్సెర్మా ఆడవాళ్ల తరగతిలో చేరింది. ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గర ఆ చెక్క పట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది.

"ఎర్ర... గుట్ట. రాళ్ల... కుప్ప. ఇక్కడ ఉంది."

"ఇక్కడ కాదే, మొద్దూ. దయ్యం," అన్నాడు నాన్న, ఉప్పు టీ ఊదుకుంటూ.

"దయ్యాల దాకా మా పంతులమ్మ ఇంకా రాలేదయ్యా. ఇక్కడ, అక్కడ, ఆవు, గొర్రె. అంతే వచ్చు నాకు."

"మీ పంతులమ్మకి..." అని ఆగిపోయాడు. గిన్నె కింద పెట్టేశాడు.

'ఎందె' అంటే ఇక్కడ. 'అద' అంటే దయ్యం. ఆ లిపిలో రెండూ ఒకేలా కనపడతాయి; 'ఎందె'లోని 'న'కు చుక్క పెడితేనే వేరు. పాతవాళ్లు చుక్క పెట్టరు. ఆ సంగతి జిల్లాలో నలుగురికి నేర్పినవాడు మా నాన్నే. కానీ గురువు దగ్గర ఆయన మొదట చదివింది దయ్యాల్ని తరిమే మంత్రాలు. కంటికి ఆ మాటే అలవాటైంది.

మర్నాడు ముగ్గురం ఎర్రగుట్టకు వెళ్లాం. రాళ్లు తీశాం. తోలుసంచి ఉంది. ఏటేటా కరిగిన మంచు లోపలికి దిగి, బెరడు తడిపేడలా అయిపోయింది. నాన్న ఒక పొర వేలితో ఎత్తబోతే సిరా వేలికంటుకుంది. బెరడు మీద ఏమీ మిగల్లేదు.

"అడుగున మంచి పొరలు ఉంటాయేమో, చూడు," అంది అమ్మ.

అడుగున బురద.

"పదేళ్ల ముందు వచ్చుంటే..." అని అమ్మ నాలుక కరుచుకుంది.

"అనవే. నన్ను కాకపోతే ఎవర్నంటావ్?"

ఆ తర్వాత మా గుడారంలో 'ఇక్కడ' అన్న మాట వినపడలేదు. అమ్మ టీ పెట్టి "ఇదిగో" అనేది. చలికాలం చివర నాన్న మంచం పట్టాడు. నొప్పి ఎక్కడని వైద్యురాలు రెండుసార్లు అడిగింది. నాన్న అమ్మ చెయ్యి పట్టుకుని తన గుండె మీద పెట్టుకున్నాడు.