ఎవరూ తేని మొక్క

ఆ రోజుల్లో భిలాయిలో "మీదే ఊరు?" అని అడిగితే సెక్టారు నంబరు చెప్పేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. ముప్పయ్యేళ్లు ఇక్కడి నీళ్లు తాగి, ఇక్కడి ఉక్కు ప్లాంటు పొగ పీల్చి కూడా బొబ్బిలి పక్కనో పార్వతీపురం అవతలో ఏదో ఊరి పేరు చెప్పి, చిన్న పని మీద నాలుగు రోజులకి వచ్చినవాళ్లలా మొహం పెట్టేవాళ్లం. అలాంటిది, ఛత్తీస్‌గఢ్ అని కొత్త రాష్ట్రం ఏర్పడగానే అందరికీ ఉన్నట్టుండి ఇక్కడివాళ్లమైపోవాలన్న తొందర పుట్టింది. స్కూటర్ల నంబరు పలకలు మారాయి, దుకాణాల బోర్డులు మారాయి, చివరికి ఆ గాలి మా వీధి తోటల పోటీకి కూడా సోకింది. అందులోకి నేను నడుం నిటారుగా పెట్టుకుని దిగాను. నడుం సంగతి ఎందుకంటే, మా వంశానికి మిగిలిన ఆస్తుల్లో ముఖ్యమైనది అదే.

మాది విజయనగరం వైపు ఒక దివాణం. నేను పుట్టేసరికి ఆ దివాణంలో మా వాటాకి వచ్చినవి మూడు: ఒక వెండి తాంబూలపు పెట్టె మూత (పెట్టె ఎవరి దగ్గరుందో పెద్దలు చెప్పేవారు కాదు), నిటారు నడుం, ఒక దేవగన్నేరు కొమ్మ. ఆ కొమ్మని మా నాన్నగారు తడి గోనెలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చి క్వార్టరు ముందు పాతారు. అది చెట్టయింది. దాన్ని ఇంట్లో ఎవరూ దేవగన్నేరు అనకూడదు, 'దివాణం చెట్టు' అనాలి. నాన్నగారు ప్లాంటు స్టోర్సులో పనిచేసేవారు. బోల్టులూ నట్లూ ఇచ్చేటప్పుడు కూడా అగ్రహారాలు దానం చేస్తున్నట్టే ఇచ్చేవారు. పుచ్చుకునేవాళ్లు మాత్రం ఆ మర్యాద గ్రహించక, త్వరగా ఇమ్మని విసుక్కునేవారు.

తోటల పోటీకి ఒక వెండి రంగు కప్పు ఉండేది. ఏటా గెలిచినవారి ఇంటిపేరు దానిమీద చెక్కించేవారు. ఏటా చెక్కినది ఒకటే పేరు, మా ఎదురింటి గులాబీల మావయ్యది. ఆయన మాకు ఏ వరసా కాదు, శ్రీకాకుళం మనిషి, కొలిమి దగ్గర ఫోర్‌మన్. పగలంతా కరిగిన ఇనుము చూసి, సాయంత్రం గులాబీల ముందు కూర్చుని చంటిపిల్లల్ని అడిగినట్టు ఆకలీ నిద్రా అడిగేవాడు. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడే మా నాన్నగారికి ఆఖరి సర్వీసు సంవత్సరం. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. "బాబూ, ఈ ఊళ్లో మన ఇంటిపేరు ఒక్కచోటైనా చెక్కి ఉండాలి కదా" అన్నారొకసారి భోజనం దగ్గర. ఆయన ఏదైనా కావాలని అడగటం నేను విన్నది అదొక్కసారే. ఆ కప్పు మా ఇంటికి తేవాలని నేను అక్కడే తీర్మానించుకున్నాను.

ఆ ఏడు సంఘం అధ్యక్షుడు, కొత్త రాష్ట్రం వచ్చింది కనుక కప్పు స్థానిక మొక్కల తోటకే ఇస్తామని ప్రకటించాడు. స్థానికం అంటే ఏమిటో తేల్చడానికి పార్కులో సమావేశం పెట్టారు. తన గులాబీలు పదేళ్లుగా ఇక్కడే పూస్తున్నాయి, ఇంకేం కావాలని మావయ్య వాదించాడు. ఎవరో తులసి అన్నారు, ఎవరో బంతి అన్నారు. అప్పుడు నేను లేచాను. (నాకు ఇరవై మూడేళ్లు, ఒక కాంట్రాక్టరు దగ్గర బిల్లులు టైపు చేసేవాణ్ణి. అయినా పుట్టుపూర్వోత్తరాల విషయంలో తీర్పు చెప్పడానికి మా వంశంకంటే తగినవారు ఆ పార్కులో లేరని నా నమ్మకం.) "ఎవరూ తేకుండా, ఎవరూ నాటకుండా ఈ నేలమీద పుట్టిన జాతే స్థానికం" అని నిర్వచించాను. గులాబీలు అక్కడికక్కడే రాలిపోయాయి. మరి ఈ నేల అంటే ఎంతవరకు? ఇక్కడి సాల అడవులూ మా వైపు కొండలూ ఒకే వరసలో ఉన్నాయి కనుక అదంతా ఒకే నేల అని చెప్పి, గాలిలో వేలితో గీత గీశాను. ఆ గీత రాయపూరు మీదుగా, కొండల మీదుగా వెళ్లి, సరిగ్గా మా దివాణం గేటు దగ్గర ఆగింది. శ్రీకాకుళం దాకా వెళ్లలేదు.

"ఏటి సిన్న రాజావోరూ, గీత అక్కడే అలిసిపోనాదా?" అన్నాడు మావయ్య. అందరూ నవ్వారు.

నవ్వనిది సాహు గారు ఒక్కరే. మా వీధి మొత్తానికి ఛత్తీస్‌గఢ్ కుటుంబం వాళ్లదొక్కటే. మా సెక్టారు ఉన్నచోటే ఒకప్పుడు వాళ్ల తాతల ఊరు ఉండేదట. ఆయన చాలా మెల్లగా, "భయ్యా, ఈ రూలు మొక్కలకేనా, ఆద్మీలకి కూడానా?" అని అడిగారు. అధ్యక్షుడు దగ్గి, టీ తెమ్మన్నాడు. టీ తరవాత నా నిర్వచనం ఏకగ్రీవంగా నెగ్గింది.

న్యాయనిర్ణేతగా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఒక మేడమ్‌ని పిలిచారు. పోటీ రోజు ఆవిడ నా నిర్వచనం రాసిన కాగితం చేత్తో పట్టుకుని బయల్దేరింది, వెనక వీధంతా. మొదటి ఇంట్లో జామ. సముద్రం అవతల నుంచి ఓడల్లో వచ్చిందని కొట్టేసింది. రెండో ఇంట్లో బొప్పాయి, సీతాఫలం. అవీ ఓడలోవే. బంతి, టమాటా, కాగితప్పూలు అన్నీ ఆ ఓడే ఎక్కి వచ్చాయి. ఓడలో ఇక చోటెక్కడుందా అని నాకే అనుమానం వచ్చింది. మావయ్య ఇంటి పెరట్లో మిరపమొక్కలు చూసి ఇవి కూడా అంది. అత్తయ్య అంతవరకూ ఊరుకున్న మనిషి, కొంగు దోపుకుని ముందుకొచ్చింది. "మిరపకాయ మంది కాదేటి? మరి మా అమ్మ పెట్టిన ఆవకాయ ఎవులిది? ఓడోలదా?" అని నిలదీసింది. మేడమ్ ఆవిడ కారం చూసి రెండడుగులు వెనక్కి వేసింది గాని, తీర్పు మార్చలేదు. వీధిలో ఆడవాళ్లందరూ నావైపు చూసిన చూపుకి మంట ఉంటే, ఆ రోజు కొలిమికి బొగ్గు అవసరం ఉండేది కాదు.

నేను మాత్రం ధీమాగా ఉన్నాను. మా ఇంటి ముందు నాన్నగారు ఇస్త్రీ లాల్చీ, జరీ కండువా వేసుకుని దివాణం చెట్టు పక్కన నిలబడ్డారు, చెట్టుకంటే నిటారుగా. దాన్ని ఎవరూ నాటలేదనీ, మా ముత్తాతగారు కోట గోడ కట్టిస్తుంటే దానంతటదే మొలిచిందనీ మా వంశచరిత్ర చెప్పారు. మేడమ్ శ్రద్ధగా విన్నది. ఒక ఆకు తుంచి, కారిన పాలు చూసి, చాలా మర్యాదగా, ఇది అమెరికా వైపు మొక్క అంది.

"అమ్మా, ఇది మా ముత్తాతగారి నాటిది" అన్నారు నాన్నగారు.

"మీ ముత్తాతగారికంటే ముందే ఓడలు వచ్చాయండీ."

నాన్నగారు కండువా ఒకసారి సర్దుకున్నారు. నేను కాగితంలోని నా నిర్వచనాన్నే చదువుకుంటూ, అందులో ఎక్కడైనా మా చెట్టు దూరేంత సందు ఉందేమోనని వెతికాను. లేదు. గులాబీ దూరకుండా నేనే గట్టిగా బిగించాను. వెనకనుంచి మావయ్య, "అయితే దివాణం కూడా అమెరికాదేనేటి?" అన్నాడు. వీధంతా నవ్విన నవ్వు మా ఇంటి కప్పు ఎక్కి అవతలికి దిగింది.

అవతలిది తాళం వేసిన క్వార్టరు. పైకప్పు కారుతోందని దాన్ని ఎవరికీ కేటాయించడం మానేశారు, పాములొస్తాయని మేమే ఎన్నోసార్లు ఫిర్యాదు చేశాం. మేడమ్ గోడ మీంచి అటు చూసింది. చూసి, మేమంతా ఉన్నామన్న సంగతి మరిచిపోయింది. విరిగిన గేటు తోసుకుని, చీర కుచ్చిళ్లు పట్టుకుని లోపలికి వెళ్లింది. నీళ్ల గొట్టం నిండా తిప్పతీగ, మెట్లమీద జిల్లేడు, ఉత్తరేణి, మూలన రేగు, స్నానాలగది గోడ చీల్చుకుని ఒక మోదుగ. అన్నిటినీ బంధువుల్ని పలకరించినట్టు పేరుపేరునా పలకరించింది. ఎవరూ తేలేదు, ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పొయ్యలేదు. నిర్వచనానికి అక్షరం తేడా లేదు. సాయంత్రం పార్కులో, ఆ ఏటి కప్పు ఖాళీ క్వార్టరుకి ప్రకటించారు.

పుచ్చుకోవడానికి మనిషి లేడు. అధ్యక్షుడు మైకు పట్టుకుని అటూ ఇటూ చూసి, పక్కింటివారు కనుక ఆ ఇంటి తరఫున మా నాన్నగారిని రమ్మన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని వద్దని మెల్లగా అన్నాను. ఆయన నా చెయ్యి తీసేసి లేచారు. కండువా సర్దుకుని, నడుం ఏమాత్రం వంచకుండా మెట్లెక్కి, రెండు చేతులా కప్పు అందుకుని, సభకి నమస్కారం పెట్టారు. లేని ఇంటి తరఫున నిలబడటం ఆయనకి కొత్త కాదు, బతుకంతా చేసిన పని అదే. సాహు గారు మొదట చప్పట్లు కొట్టారు. ఆ తరవాత, నన్ను ఆశ్చర్యపరుస్తూ, గులాబీల మావయ్య. "రాజావోరికి కప్పు నప్పినాది" అన్నాడు పక్కనున్న అత్తయ్యతో. ఆ మాటలో ఎగతాళి ఎంత వెతికినా నాకు దొరకలేదు. కప్పు మీద క్వార్టరు నంబరు చెక్కించారు. మా ఇంటిపేరు ఆ ఊళ్లో దేనిమీదా పడలేదు.

మరుసటి ఏడు నిర్వచనం మార్చేశారు. ఒక్క చలికాలం బతికి పూస్తే స్థానికమేనని కొత్త నియమం. గులాబీలు మళ్లీ గెలిచాయి. అప్పటికి మేము భిలాయి అంచునే ఉన్న కోహ్కాలో చిన్న ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాం. నాన్నగారు దివాణం చెట్టు కొమ్మ నరికి, తడి గోనెలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చారు. నాటిన ఏడే అది పూసింది. ఆయన చూశారు.

మొన్న స్థానిక మొక్కలు పెంచమని ప్రచారం చేస్తూ కాలేజీ పిల్లలు వచ్చారు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, మా దివాణంలో అని మొదలుపెట్టేలోగా వాళ్లలో ఒకమ్మాయి, "అంకుల్, మీదే ఊరు?" అని అడిగింది. ఇంటి ముందు దేవగన్నేరు, ఎప్పటిలాగే అమెరికాలో పుట్టినందుకు ఏమాత్రం సిగ్గుపడకుండా, పూలు రాలుస్తోంది. ప్రహరీ మూలన ఎవరూ తేని మోదుగ మొక్క ఒకటి లేస్తోంది. మా అబ్బాయి దాన్ని పీకేద్దామంటే నేనే వద్దన్నాను. రెండింటినీ చూశాను. వేలు దానంతటదే గాలిలో గీత గియ్యడానికి లేచింది. దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

"కోహ్కా" అన్నాను. నడుం మాత్రం వంచలేదు.