మిర్తా ల్యాప్‌టాప్ తాళం

క్యూబాలోని కమగువేయ్ ఊళ్ళో రొట్టెల క్యూలో ఒక మాట తిరుగుతోంది: కంప్యూటర్లు బాగుచేసే జొరైదా ముందు ఏ కంప్యూటరు తాళమూ నిలవదట. చనిపోయిన మిర్తా ల్యాప్‌టాప్‌ని కాఫీ పొంగేలోపు బద్దలు కొట్టేసిందట. ఆ మాట పుట్టించిన, మిర్తా పక్కింటి ఒనెలియా, జొరైదా గుమ్మం దాటేదాకా ఫోన్ని సంచి అడుగున దాచుకుని మరీ నడుస్తోంది.

అసలు జరిగిందేంటంటే, ఆ రోజు మిర్తా మొగుడు ఎవెలియో జొరైదాని ఇంటికి పిలిచాడు.

"డిస్కు నిండిపోయింది అమ్మాయ్. ఇదిగో, పెద్దది తెచ్చా. మార్చు."

"ఇది లినక్స్ కదా బాబాయ్, డిస్కు మొత్తానికి తాళం ఉంది. ఆపి మళ్ళీ పెడితే పాస్‌వర్డ్ అడుగుతుంది. తెలుసుగా?"

ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. "మిర్తాకి తెలుసు."

మిర్తా పోయి ఏడాది. అప్పట్నుంచీ ఆయన దాన్ని ఆపనేలేదు. కరెంటు తీసేముందు మూత దించడం, వచ్చాక ఎత్తడం, అంతే. వీధిలో ప్రతివాళ్ళనీ అనుకరిస్తూ మిర్తా రికార్డు చేసిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి. అవి వినందే ఆయనకి తెల్లారదు.

జొరైదా చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆగిపోతే నావల్లా కాదు. కొత్తదానికి కొత్త తాళం వేసి, సరుకంతా ఇప్పుడే అందులోకి మోసేద్దాం. నేనటు తిరుగుతా, పాస్‌వర్డ్ నువ్వే కొట్టు."

"మిర్తా పుట్టినరోజు పెట్టనా?"

"నాకు చెప్తావేంటి? ఇంకోటి పెట్టు!"

ముందు మిర్తా గొంతు కొత్త డిస్కులోకి వెళ్ళింది, తర్వాత సినిమాలు. సినిమాలు సగంలో ఉండగా ఒనెలియా కరెంటు కుక్కరు మోసుకుంటూ వచ్చింది.

"మా ప్లగ్గు పనిచెయ్యట్లేదు ఎవెలియో! కరెంటు తీసేలోపు అన్నం వండేసుకుంటా."

వద్దనేలోపే పెట్టేసింది. టప్పుమని ఫ్యూజు పోయింది.

"అక్కా, నీ అన్నం మాడిపోను!"

"నేనేం చేశానే?"

మూత దించేలోపే నీరసించిన బ్యాటరీ ఓసారి మూలిగింది. తెర నల్లబడింది. ఎవెలియో కుర్చీలో కూలబడ్డాడు.

జొరైదా కొత్త డిస్కుని తన ల్యాప్‌టాప్‌కి తగిలించి, మళ్ళీ అటు తిరిగింది. ఎవెలియో ఒక్కో అక్షరం కొట్టాడు. కనపడ్డ రికార్డుల్లో ఏదో ఒకటి నొక్కాడు.

"మా ప్లగ్గు పనిచెయ్యట్లేదు ఎవెలియో!" అంది మిర్తా, అచ్చం ఒనెలియాలాగే.

"దొంగది! నన్నే వెక్కిరించిందా?" అంటూ ఒనెలియా నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అన్నం సంగతి మర్చిపోయి, కబురు మోసుకుంటూ వీధిలోకి పరిగెత్తింది.

జొరైదా ఏ తాళమూ బద్దలు కొట్టలేదు. ఆమె వెళ్ళేసరికి అది తెరిచే ఉంది. తెర నల్లబడ్డాక పాత ల్యాప్‌టాప్‌కి పడిన తాళం ఇప్పటికీ అలాగే ఉంది, ఎవెలియో సొరుగులో, మిగిలిన సినిమాలతో సహా.