గోడకు తగిలించిన చిన్న కుర్చీ

పాపను తీసుకుని అత్తయ్య ఇండియా వెళ్ళిపోయే ముందు ఆదివారం, ఆవిడకు ఏదైనా చూపించాలని మేముండే ఎడిసన్ నుంచి మూడు గంటలు డ్రైవ్ చేసి ఒక చిన్న మ్యూజియానికి వెళ్ళాం. పాపకు అప్పటికి పది నెలలు. డేకేర్‌లో వేసిన దగ్గర్నుంచి ఒకటే జ్వరం, దగ్గు. హాస్పిటల్లో కూడా పెట్టాల్సి వచ్చింది. నా సెలవులు అయిపోయాయి. ఉద్యోగం పోతే వీసా పోతుంది. రెండేళ్ళు నానమ్మ దగ్గర ఉంచుదామని అందరం కలిసే అనుకున్నాం. మా ఆఫీసులో తెలుగువాళ్ళు కొందరు అలా పంపినవాళ్ళే. ఇట్టే గడిచిపోతాయన్నారు. తిరిగొచ్చాక నన్ను అమ్మ అనుకుంటుందా అని మాత్రం నేనెవరినీ అడగలేదు.

మ్యూజియంలో కొత్తగా విరాళంగా వచ్చిన షేకర్ల సామాను పెట్టారు. షేకర్లంటే పెళ్ళీ పిల్లలూ వద్దనుకుని, అందరూ ఒకే కుటుంబంలా కలిసి బతికిన ఒకప్పటి క్రైస్తవ భక్తులు. కోలగా ఉన్న చెక్క డబ్బాలు, నగిషీ లేని బల్లలు, సిరాతో గీసిన ఒక చెట్టు బొమ్మ. కుర్చీలు మాత్రం గోడకున్న చెక్క మేకులకు తలకిందులుగా వేలాడుతున్నాయి.

"ఇదేం చోద్యమే అమ్మాయ్, కుర్చీలు ఆరేశారు!" అంది అత్తయ్య.

అక్కడ వివరాలు చెప్పే పెద్దావిడ, నేల ఊడవడానికి అలా తగిలించేవారనీ, కూర్చునే చోట దుమ్ము పడకుండా తిరగేసేవారనీ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను.

"మన సోఫాని కూడా తగిలించమను మీ ఆయన్ని. మొన్న దానికింద నుంచి ఎప్పటిదో జంతిక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది నీ కూతురు."

ఆ వరసలో చివర్న ఒక చిన్న కుర్చీ వేలాడుతోంది.

"పిల్లలొద్దన్నవాళ్ళకి పిల్లల కుర్చీ దేనికంట? అడుగు."

పెంచలేని తల్లిదండ్రులు పిల్లల్ని తెచ్చి వీళ్ళకు అప్పగించేవారట.

"మళ్ళీ వచ్చి తీసుకెళ్ళేవారా?" అని అడిగాను.

"కొందరు వచ్చేవారు," అందావిడ. "వెళ్ళనన్న పిల్లలూ ఉన్నారు. వాళ్ళకు తల్లి గుర్తులేదు మరి."

"ఏవంటోంది?" పాపను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ అడిగింది అత్తయ్య.

"బాగా చూసుకునేవారంట, అత్తయ్యా."

"చూడక? పసిబిడ్డలాయె."

వాళ్ళు వెళ్ళే రోజు ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ లైన్ దాకా వెళ్ళాం. పాప ఏడవలేదు. నానమ్మ గాజులు లాగుతూ వెళ్ళిపోయింది. ఒక్కసారి ఏడిస్తే బాగుండనిపించింది.

ఇప్పుడు వీడియో కాల్‌లో అత్తయ్య "అమ్మేదీ?" అని అడిగితే, పాప వెనక్కి తిరిగి అత్తయ్య మొహం చూస్తుంది.

వంటింట్లో పాపను కూర్చోబెట్టి అన్నం పెట్టే హైచైర్ అలాగే ఉంది. "డొనేట్ చేసేద్దామా? వచ్చేసరికి అందులో పట్టదుగా," అన్నాడు మా ఆయన.

"దాన్ని ముట్టుకోకు," అన్నాను.

ట్రే అంచున పప్పన్నం మెతుకులు ఎండి అంటుకుపోయాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా దాన్ని కదపను. చుట్టూ ఊడుస్తాను.